చారు ప్రచారం

"మాత్రా కాదు, మంత్రమూ కాదండీ, నా ఉలవచారు!" పటమటలోని మా మందుల షాపులో సుబ్బరత్నం గారు క్యూ మొత్తానికీ చాటారు. "ఆర్నెల్లు తాగింది, మా కోడలు సగమైపోయింది!"

సన్నబడింది కోడలు, ఉబ్బింది అత్తగారు.

కోడలు మనోజ్ఞ మోకాలి నొప్పికి మాత్రలడిగింది. ఉలవలకే అంత సత్తా ఉంటే నేను షాపు మూసేసి ఉలవలే అమ్ముకుందును. అందుకే స్ట్రిప్పు అందిస్తూ అడిగాను.

"బరువు తగ్గే ఆపరేషన్ గానీ అయిందా అమ్మా? అయితే ఇది పడదు. పొట్టలో పుండు పడి రక్తం కారుతుంది."

"ఆపరేషనా? గాల్ బ్లాడర్‌లో రాళ్లు తీశారంతే!" అన్నారు అత్తగారే. క్యూ నవ్వింది.

మనోజ్ఞ స్ట్రిప్పును కౌంటర్ మీద పెట్టేసింది. "రాళ్లు కాదత్తయ్యా, పొట్టే చిన్నది చేశారు. మీరు చారుతోనే తగ్గానని సంబరపడుతుంటే చెప్పలేకపోయాను."

ఇక రణమే అనుకుని నేను వెనక్కి జరిగాను.

సుబ్బరత్నం గారు స్టూలు మీద కూలబడ్డారు.

"నేనూ నీతోపాటే తాగుతున్నానే ఆ చారు," అన్నారు నెమ్మదిగా. "నువ్వు తగ్గావు, నేను తగ్గలేదు. లోపం నాలోనే ఉందని ఎంత కుమిలిపోయానో!"