చేతిరాత క్షమాపణ

"రాయను గాక రాయను!" సోల్హీ పెన్ను బల్ల మీదికి విసిరికొట్టింది. "చేయని దొంగతనం చేశానని నా చేత్తో నేనే రాసుకోవాలా?"

మేనేజర్ మీరాన్ వంగి, దొర్లిపోయిన పెన్ను తీసి మళ్ళీ ఆమె ముందే పెట్టింది. సియోల్‌లో పాటలు పాడి బతికేవాళ్ళకు ఈ తంతు కొత్తేం కాదు. నెట్‌లో జనం కన్నెర్ర చేశారంటే తెల్ల కాగితం మీద నల్ల సిరాతో, సొంత దస్తూరిలో క్షమాపణ రాసి, దాని ఫొటో లోకానికి చూపించాలి. టైపు చేస్తే పొగరంటారు. గీతల కాగితం మీద రాస్తే హోంవర్కు చేసిందంటారు.

"ఆ పాట కట్టిన ఫిన్లాండ్ ముసలాయన దగ్గర హక్కులు కొన్నాం కదక్కా! ఆల్బమ్ మీద నా పేరు కంటే ముందు ఆయన పేరే వేయించాను. నేను పాడింది విని మురిసిపోయానని ఆయనే మెసేజ్ పెట్టాడు."

"తెలుసే తల్లీ. అదంతా నిన్ననే బయటపెట్టాం. ఎవరు చదివారు? సాకులు చెబుతోందన్నారు. రెండు పాటలూ పక్కపక్కన పెట్టి, చూడండి ఎంత ఒకేలా ఉన్నాయో అని వీడియోలు చేస్తున్నారు."

"ఒకే పాట ఒకేలా ఉండక చస్తుందా?"

మీరాన్‌కు నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు. నిన్నటి నుంచి ఫోను ఆమె చెవికి అతుక్కుపోయే ఉంది.

"సాయంత్రంలోగా క్షమాపణ రాకపోతే శుక్రవారం టీవీలో నీ పాట తీసేస్తారట. క్రీముల కంపెనీ వాళ్ళు నీ బొమ్మలు దింపేస్తామంటున్నారు. ఈ ఆల్బమ్ కూడా పోతే మన కంపెనీవాళ్ళు నిన్ను ఉండనివ్వరు. నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. సోల్హీకి కోపం ఎప్పుడో దిగిపోయింది, మిగిలింది అలసటే. చెప్పిన నిజమే చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పెట్టింది. పెన్ను అందుకుంది.

'ఈ పాట హక్కులు మేం కొన్నాం, కానీ...' అని మొదలుపెట్టేసరికి మీరాన్ కాగితం లాక్కుని చింపేసింది. "క్షమాపణలో 'కానీ' ఉండకూడదు. అది కనబడిందంటే మీద పడి పీకుతారు."

ఇంకో కాగితం. 'మీ మనసు నొచ్చుకుని ఉంటే...'

అదీ చిరిగింది. "ఉంటే గింటే ఏం లేవు. నొచ్చుకుంది, అంతే."

"మరేం రాసి చావను? నిజం రాయనివ్వవు, అబద్ధం రాసి ఏడవడం నాకు రాదు!"

మీరాన్ ఎవరికో మెసేజ్ పెట్టింది. కాసేపటికి ఫోను టింగుమంది. దాన్ని సోల్హీ ముందుకు తోసింది. "ఏం రాయాలో ఆఫీసువాళ్ళు పంపారు. చూసి రాసెయ్."

సోల్హీ రాయసాగింది. 'ఆ రోజు విచక్షణ కోల్పోయి చేసిన పనికి సిగ్గుతో తల వంచుతున్నాను...' చెయ్యి ఆగింది. "ఏ రోజక్కా?"

"అలాగే రాస్తారే. కానివ్వు."

కానిచ్చింది. సంతకం పెడుతుంటే ఏడుపొచ్చేసింది. కన్నీటి చుక్క పడి ఓ అక్షరం అలుక్కుపోయింది. తుడవబోతే మీరాన్ చెయ్యి పట్టుకుంది. "ఉండనీ, మంచిదే!"

నిజంగా మంచిదే అయింది. ఫొటో పెట్టిన కాసేపటికే జనం చల్లబడ్డారు. 'పాపం, ఏడుస్తూ రాసింది' అన్నారు. 'ప్రతి మాటా గుండెల్లోంచి వచ్చింది' అన్నారు. 'తప్పు ఒప్పుకుంది, ఇక వదిలేయండి' అన్నారు. క్రీముల కంపెనీ మెత్తబడింది. శుక్రవారం పాట ఉంటుందని టీవీవాళ్ళ కబురొచ్చింది.

పొద్దుటి నుంచి బల్ల మీదే ఉన్న కింబాప్ అన్నం చుట్టల ముక్కలు చల్లారి గట్టిపడిపోయాయి. ఇద్దరూ అవే తిన్నారు. తన చేత్తో తనే దొంగనని రాసుకున్నందుకు సోల్హీకి ఒళ్ళంతా చీదరగా ఉంది. అయినా పాట దక్కింది, చాలనుకుని సోఫాలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

"అయ్యో!" అంది మీరాన్, నోట్లో ముద్ద నోట్లోనే ఉండగా.

సోల్హీ కళ్ళు తెరవలేదు. "మళ్ళీ ఆ పాట గొడవేనా?"

"పాట ఊసే ఎత్తడం లేదు." మీరాన్ ఫోను తెచ్చి ఆమె ముఖం ముందు పెట్టింది. తెర మీద రెండు చేతిరాత క్షమాపణలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి సోల్హీది. రెండోది, పోయినేడు తాగి కారు నడిపి దొరికిపోయిన ఓ నటుడిది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా రెండూ ఒక్కటే.

సోల్హీ దిగ్గున లేచి కూర్చుంది. "ఆఫీసువాళ్ళు ఆ నటుణ్ణి అడిగే పంపారు కదక్కా?"

మీరాన్ ముద్ద మింగింది. "పాటకైతే అడిగాం గానీ, దీనికి ఎవరినీ అడగలేదే!"