పొద్దుటి కానుక

"అటు తిరగండి," అన్నాను ముక్కుకి కట్టుకున్న తువ్వాలు బిగించుకుంటూ.

మంచం పట్టిన అత్తయ్యకి నడుం కింద ఒరుసుకుపోయి పుండు పడింది. నిన్నటి కట్టు విప్పగానే చీము కంపు గుప్పుమంది. చిట్లించుకున్న నా మొహం కనబడకూడదనే రోజూ ఆవిణ్ణి గోడవైపు తిప్పుతాను.

ఆ గోడకే సిలువ. దాన్ని చూస్తూ ఆవిడ రోజూ చేసే పొద్దుటి సమర్పణ ప్రార్థన మొదలుపెట్టింది.

"ప్రభువా, నువ్విచ్చిన బతుకు నీకే తిరిగిస్తున్నాను. ఈ రోజు నా పనులూ, కష్టాలూ, సంతోషాలూ..."

"ఏం పనులు అత్తయ్యా, మంచం దిగితే కదా. ఈ కంపు తప్ప ఇవ్వడానికి మీ దగ్గరేముంది?"

నోరు జారింది. గబగబా ఇంకో దూది తడిపాను.

"నిజమే," అంది ఆవిడ సిలువ వైపే చూస్తూ. "ప్రభువా, ఈ కంపు తీసుకో. దీన్ని కడుగుతూ మా కోడలు పడే అసహ్యం కూడా తీసుకో."

అంటే ఇన్నాళ్లూ తెలుసన్నమాట. నాకు ఒళ్లు మండింది.

"కంపు మీది, మీరిచ్చుకోండి," అన్నాను పుండు తుడుస్తూ. "అసహ్యం నాది. అది నేనిచ్చుకుంటాను."

ఆవిడ ఆమెన్ అనలేదు. నా వంతు కోసం ఆగింది.