వెనక సీటు బటన్

"బాబోయ్, లారీ!" అని అరుస్తూ మందుల షాపాయన స్టీరింగు గిరుక్కున తిప్పేశాడు.

గోడ మీది రోడ్డు ఎర్రబడి ఆగిపోయింది. అది నిజం రోడ్డు కాదు, ఆయన కూర్చున్నది నిజం కారూ కాదు. ఒక సీటు, స్టీరింగు, పక్కన టచ్‌స్క్రీన్, ఎదురుగా గోడ మీద కదిలే బొమ్మ, వీపు వెనక స్పీకరు. ఆ స్పీకర్లోంచి ఓ పసిపాప గుక్కపట్టి ఏడుస్తోంది.

"ఫర్వాలేదండీ, మళ్ళీ మొదట్నుంచి చేద్దాం," అంది కారు స్క్రీన్లు గీసే డిజైనరు. "వెనక పాపకి చలేస్తోంది. కారు ఆపకుండా వెనక సీటు ఏసీ తగ్గించాలి. అంతే."

"అంతే అంటావేంటమ్మా! ఒకటి నొక్కితే ఇంకో పేజీ, అది నొక్కితే మరోటి. దీన్ని చూడనా, రోడ్డు చూడనా? ముందు ఆ ఏడుపు ఆపు తల్లీ, ప్రాణం ఉసూరుమంటోంది."

"ఆపితే పరీక్ష అవదండీ."

ఆమె గొంతులో విసుగూ లేదు, జాలీ లేదు. ఈ ఆఫీసులో చేరి ఏడాది కావస్తున్నా ఆమె నవ్వగా చూసినవాళ్ళు లేరు. చాటుగా అందరూ 'రాయి' అనేవాళ్ళు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. తెలిసినా ఏమీ అనిపించలేదు.

పరీక్షకని పిలిపించిన ఆ మందుల షాపాయన చెమట తుడుచుకుంటూ వెళ్ళాక మేనేజరు లోపలికొచ్చాడు.

"ఈయనా గుద్దేశాడా?"

"గుద్దేశారు సార్."

"అలవాటైతే అదే వస్తుందిలే. ఈ స్క్రీనే ఉంచుదాం. ఎంత ముచ్చటగా ఉందో చూడు! నువ్వేమో మూలన అరచేయంత బటన్ పెడతానంటావు. కొట్టు ముందు బోర్డులా ఉంటుంది."

"నేనూ ఇలాంటిదే గీశాను సార్, పాత ఆఫీసులో. అందరూ తెగ మెచ్చుకున్నారు."

"మరింకేం?"

"మీరొక్కసారి కూర్చోండి."

మేనేజరు నవ్వుతూ కూర్చున్నాడు. ఇంట్లో ఇద్దరు పిల్లల్ని పెంచినవాడు, పసివాళ్ళ ఏడుపు ఆయనకి కొత్తా? కానీ రెండో పేజీ తెరిచేసరికి ఆయన తల దానంతటదే వెనక్కి తిరిగింది. అక్కడ స్పీకరు తప్ప ఏమీ లేదు. మళ్ళీ ముందుకి తిరిగేలోగా గోడ ఎర్రబడింది.

ఆమె స్క్రీన్ మార్చింది. ఈసారి కింది మూలన ఒకే ఒక్క పెద్ద బటన్. మేనేజరు చెయ్యి చూడకుండానే దాని మీద పడింది. లారీ పక్కనుంచి సాఫీగా వెళ్ళిపోయింది. కాసేపటికి ఏడుపు టక్కున ఆగింది.

"హమ్మయ్య, పడుకున్నట్టుంది," అన్నాడు మేనేజరు.

"లేదు సార్. రికార్డింగ్ అక్కడితో అయిపోయింది."

మేనేజరు సీట్లోంచి లేచి చొక్కా సర్దుకున్నాడు. "సరే, నీ మాటే నెగ్గింది. బటన్ పెట్టేద్దాం. కానీ ఆ ఏడుపు మార్చెయ్యమ్మా. రోజంతా ఎలా వింటున్నావో ఏమో! పిల్లలున్నవాళ్ళెవరూ భరించలేరు. ఎక్కడ దొరికింది నీకు?"

"పాత ఆఫీసు టెస్ట్ కార్లోది. నేనే నడిపేదాన్ని. లోపల మైకులు ఉండేవి."

"పూర్తిగా లేదా? మధ్యలో తెగిపోయింది."

"ఉన్నది అంతే సార్. ఆ కారు అక్కడే తుక్కయిపోయింది."

మేనేజరు ఇంకేదో అడగబోయాడు. ఈలోగా ఫోన్ మోగింది. మాట్లాడుకుంటూ బయటికి నడిచాడు.

గదిలో ఆమె ఒక్కతే మిగిలింది. వెళ్ళి సీట్లో కూర్చుంది. ఏడుపు మొదలైంది, గోడ మీద రోడ్డు కదిలింది. కళ్ళు రోడ్డు మీంచి తిప్పకుండా బటన్ నొక్కింది. లారీ వచ్చింది, దాటిపోయింది. ఏడుపు ఆగేదాకా స్టీరింగు వదల్లేదు. ఆగాక, మళ్ళీ మొదట్నుంచి పెట్టింది.

ఆ ఏడుపు ఆమె కూతురిది.