మాట్లాడకూడని బాబాయి

గ్యారేజీ ముందు ముజి ట్రైలర్ మూతిని, అడిగి తెచ్చుకున్న కారు వెనకున్న ఇనపగుండు మీదికి దించి, పిడి నొక్కి, చేతులు దులుపుకున్నాడు. పిడి సగమే దిగింది. బాబాయి ఫతిజ్వె అది చూశాడు. చూశాడు గానీ చెప్పడానికి లేదు.

ఆయన చేతిలో అడవి రేగు కొమ్మ ఉంది. గంట క్రితం కనుమ మలుపులో, ముజి నాన్న కారు లోయలో పడినచోట, ఆ కొమ్మను నేలకు ఆనించి "ఇంటికి పోదాం రా అన్నా" అని పిలిచాడు. ఇక ఇల్లు చేరి కొమ్మను లోపలి గోడ దగ్గర పెట్టేదాకా ఆయన చనిపోయిన అన్నతో తప్ప బతికున్నవాళ్ళతో మాట్లాడకూడదు. ఒక్క మాట జారినా అన్న ఆత్మ మలుపులోనే ఉండిపోతుంది. కథ మళ్ళీ మొదటికొస్తుంది.

"ఖబజేలా," అన్నాడు బాబాయి కొమ్మతో, అన్నను వంశం పేరు పెట్టి పిలుస్తూ. "నీ కొడుకు పిడి సగమే నొక్కాడు, చూడు."

ముజి నిట్టూర్చాడు. డర్బన్ నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చినవాడు. కళ్ళు మండుతున్నాయి. మోకాలేసి పిడి అదిమాడు. టక్కుమంది.

"ఆయనకి చెప్తున్నావా, నాకు చెప్తున్నావా బాబాయ్?"

బాబాయి కొండవైపు చూశాడు.

"గొలుసులు కూడా ఊరికే తగిలించాడు ఖబజేలా. ఒకదాని కింద నుంచి ఒకటి దాటించాలని నువ్వెన్నిసార్లు చెప్పావో."

ముజి గొలుసులు విప్పి మళ్ళీ కట్టాడు. ఇంతలో గ్యారేజీ మెకానిక్ కాగితం పట్టుకొచ్చాడు. "ఏం పెద్దాయనా, బాగున్నావా?" అనబోయి, కొమ్మ చూసి టోపీ తీసేశాడు. తర్వాత ముజి వైపు తిరిగాడు.

"ట్రైలర్ బాగుచేశాం, సొట్టలు మాత్రం మిగిలాయి. పిడి పైకి లేవకుండా పెట్టే పిన్నే లేదు. మా దగ్గరికి వచ్చినప్పుడే లేదు. పోలీసులూ అదే రాశారు. దిగుడులో పిడి ఎగిరింది, ట్రైలర్ గొలుసుల మీద ఊగి కారును ఈడ్చుకుపోయింది. మీ నాన్న మరిచిపోయినట్టున్నాడు."

"మా నాన్నా?" ముజి నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఎవరు ట్రైలర్ తగిలించినా 'పిన్ను పెట్టావా?' అని అడిగేవాడు. చిన్నప్పుడు నాకు ఆ మాటంటేనే ఒళ్ళు మండేది. ఊరందరినీ అడిగినవాడు తన దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయాడు. ఇప్పుడేమంటున్నారో తెలుసా? తాగి ఉంటాడట. అమ్మ తలెత్తుకోలేకపోతోంది. నిజం చెప్పనా, నాకూ ఆయన మీద కోపంగానే ఉంది."

బాబాయి కొమ్మను రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

శనివారం అంత్యక్రియలు. ఆ రోజు కోయాల్సిన ఎద్దును తీసుకురావాలంటే ఈ ట్రైలరే దిక్కు. ముజి ఎక్కడిదో తీగముక్క తెచ్చి, పిన్ను పెట్టాల్సిన చిల్లులో దూర్చి మెలిపెట్టాడు.

"తీగ ఆగదు ఖబజేలా," అన్నాడు బాబాయి. తనే వెళ్ళి, ముజి వైపు వీపు తిప్పి వంగి, తీగ పీకేశాడు. ఎప్పుడూ వేసుకునే ఆ గోధుమరంగు కోటు జేబులోంచి ఏదో తీసి అక్కడ గుచ్చాడు.

"పిన్ను కొనుక్కొచ్చావా? మంచిపని చేశావు బాబాయ్," అన్నాడు ముజి కళ్ళు నలుపుకుంటూ, డ్రైవరు సీట్లో కూలబడి.

దారి పొడుగునా వెనక సీట్లోంచి, అన్నకు దారి చెబుతూ అదే గొంతు. "తుకేలా వంతెన దాటుతున్నాం ఖబజేలా." "నీ చిన్నప్పటి బడి వచ్చింది ఖబజేలా." మధ్యమధ్యలో, "ఒకసారి దిగి వెనక చూసుకుంటే మంచిది ఖబజేలా." ముజి ఆపడం, బాబాయి దిగి పిన్ను తడిమి రావడం. నాలుగోసారి ముజికి ఓపిక అయిపోయింది.

"నాన్నే నయం, అడిగి ఊరుకునేవాడు. నువ్వాయన్ని మించిపోయావు."

ఇంటి వాకిలి ఏటవాలు. ఆడవాళ్ళు పాట అందుకుని దారికి రెండు పక్కలా నిలబడ్డారు. తెరిచిన తలుపులోంచి, చాప మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న అమ్మ కనిపిస్తోంది. ముజి దిగి నేరుగా పిన్ను మీద చెయ్యేశాడు.

"ముందు చక్రాల కింద రాళ్ళు పెట్టకపోతే అది పోయి ఆడవాళ్ళ మీద పడుతుంది ఖబజేలా."

ముజి విసుగ్గా రాళ్ళు తెచ్చి పెట్టాడు. ట్రైలర్ ముందున్న చిన్న చక్రం దించి బరువు దాని మీద వేశాడు. గొలుసులు విప్పాడు. పిన్ను లాగాడు.

పిన్ను తోకకు నీలం తాడు. జడలా అల్లి, చివర మూడు ముళ్ళు. అది ఏ కొట్లోనూ దొరికేది కాదు. ముజి పక్కన కూర్చుని చూస్తుండగా నాన్న అల్లిన తాడు.

"బాబాయ్," అన్నాడు ముజి. "ఇది నాన్న పిన్ను. నీ కోటు జేబులోకి ఎలా వచ్చింది?"

పాట ఆగిపోయింది. బాబాయి పది అడుగులు నడిచి కొమ్మ లోపల పెడితే చాలు, ఎవరికైనా జవాబు చెప్పుకోవచ్చు. ఆయన కదల్లేదు. తలుపులోంచి చూస్తున్న వదినను చూశాడు, ముజిని చూశాడు, చివరికి కొమ్మను ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఖబజేలా, ఆ రోజు ట్రైలర్ నేను తగిలించాక, పిన్ను పెట్టావా అని నువ్వు నన్ను అడిగావు. పెట్టానన్నాను."