దారికి అడ్డంగా బోర్డు

ఒక అడవిలో ఎలుగుబంటి తేనె కొట్టు పెట్టింది. కొట్టు పేరు అందరికీ తెలియాలని, వాగుకు వెళ్లే దారి మలుపులో పెద్ద చెక్క బోర్డు అడ్డంగా పాతింది. అవతలి నుంచి ఎవరు వస్తున్నారో కనబడక, నీళ్లకు వెళ్లే జంతువులు ఒకదాన్నొకటి గుద్దుకునేవి. ఎలుగుతో గొడవెందుకని గొణుక్కుంటూ పోయేవి.

ఒకరోజు ముంగిస పిల్ల అక్కడ అడవిదున్న కాళ్ల కింద పడబోయి, వెంట్రుకవాసిలో తప్పించుకుంది. తల్లి ముంగిస పిల్లను వెంటబెట్టుకుని, అడవి దారుల బాగోగులు చూసే ఏనుగు దగ్గరికి నేరుగా వెళ్లింది.

"మావయ్యా, వాగు మలుపులో ఎలుగు బోర్డు దారి మూసేసింది. ఇవాళ నా పిల్ల చచ్చి బతికింది," అని చెప్పింది.

"అది పెట్టి ఎన్నాళ్లయింది?" అని ఏనుగు అడిగింది.

"రెండు నెలలు."

"మరి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం?"

"ఎవరో ఒకరు చెప్పే ఉంటారనుకున్నాం, మావయ్యా."

ఏనుగు వెంటనే వచ్చి, బోర్డును తొండంతో పెరికి, తేనె కొట్టు గోడకు ఆనించింది. "నీ కొట్టు మీద ఎంత పెద్దదైనా పెట్టుకో. దారి మాత్రం అందరిదీ," అంది.

ఎలుగు తల గోక్కుంది. "అడ్డమని నాతో ఒక్కరూ అనలేదు మరి," అంటూ ముంగిస పిల్లకు ఆకులో కాస్త తేనె పెట్టింది.

మర్నాడు పొద్దున్నే ఏనుగు ముందు జంతువులు బారులు తీరాయి. ఏనుగు హుషారుగా చెవులు ఊపింది.

"మన అడవిలో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదనుకుని ఇన్నేళ్లూ ఊరికే కూర్చున్నాను. ఊఁ, ఒక్కొక్కరే చెప్పండి."