బయటి గడియ

ఇల్లు అద్దెకివ్వడం నాకిదే మొదటిసారి. సోమవారం కొత్తవాళ్ళు దిగుతారు. ఈలోగా, ఆర్నెల్ల కిందట పోయిన మా అమ్మ గది బాగుచేయించాలి.

వడ్రంగి వచ్చీరాగానే ఆ గది తలుపు దగ్గర ఆగాడు. "ఇదేంటమ్మా, గడియ బయట పెట్టించారు?"

"అమ్మకి మతిమరుపు బాబూ. నేను ఆఫీసుకెళ్తే వీధినపడి ఎటో వెళ్ళిపోయేది. అన్నం లోపల పెట్టి, గడియ వేసి వెళ్ళేదాన్ని. పగలంతా హాయిగా నిద్రపోయేది. అసలు గడియ ఉన్న సంగతే తెలీదు, పాపం."

అడిగినవాళ్ళందరికీ అదే చెప్పాను. నిజమేననుకున్నాను కూడా.

"దీన్ని ఊడదీసి లోపల బిగించెయ్యి. అద్దెకొచ్చేవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

తలుపు లోపలివైపు కొక్కేలకు అమ్మ చీరలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. వాటిని తీసి మంచంమీద పడేశాను.

సరిగ్గా గడియకు వెనకవైపు చెక్కలో గుంట ఉంది. వడ్రంగి దాంట్లో వేలు పెట్టి చూశాడు. "దేనితోనో రోజూ తవ్వినట్టున్నారమ్మా. ఇంకో నెలైతే చిల్లు పడేది, గడియ అందేది."

నాకు అమ్మ చెంచా గుర్తొచ్చింది. రోజూ సాయంత్రానికి దాని కాడ వంకరపోయి ఉండేది.

"అన్నం తినడానికి ఇంత బలమెందుకమ్మా?" అని విసుక్కుంటూ, నేనే దాన్ని సరిచేసి, మర్నాడు మళ్ళీ కంచంలో పెట్టేదాన్ని.