మిరప మొక్క ఆకలి

కిటికీ ఊచలకు కట్టిన నల్ల గుడ్డ అంచు పట్టుకుని చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నాను. గుడ్డ తీస్తే, రాత్రంతా పవర్‌లూమ్ మగ్గాల దగ్గర పనిచేసి వచ్చి పడుకున్న నాయిన లేస్తాడు. తీయకపోతే కిటికీలోని మిరప మొక్క ఎండ తగలక చచ్చిపోతుంది. సూరత్‌లో, అమ్రోలిలోని మా గదికి కిటికీ ఒక్కటే. మొక్కను వరండాలో పెడదామంటే అక్కడికి ఎండ రాదు.

ఆకులు పసుపుబారుతున్నాయని నాయిన ఎరువు వేస్తూనే ఉన్నాడు. లోపం ఎరువుది కాదని నిన్న బడిలో తెలిసింది.

గుడ్డ పక్కకు లాగాను. నాయిన కళ్లు తెరిచాడు.

"ఏందే రుచితా, జర పండనియ్యవా?"

"మొక్కకు ఆకలైతుంది నాయినా."

"నిన్ననే గదా ఎరువేసిన."

"ఎరువు ఉప్పు లెక్క. అన్నం ఆకులే వండుకుంటయి. వేర్లు నీళ్లు పంపుతయి, ఆకులు గాలి తీసుకుంటయి, వాటిల ఉన్న పత్రహరితం ఎండను పట్టుకుంటది. ఎండ లేకుంటే పొయ్యి అంటుకోనట్టే."

"మస్తు చెప్తున్నవ్. మరి నా నిద్ర?"

గుడ్డను మళ్లీ కట్టబోయాను.

"ఉండనియ్," అంటూ నాయిన లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆకుల మీద పడుతున్న ఎండలోకి తన చేయి చాపాడు.

"పొద్దుగాల వచ్చి పండుడు, పొద్దుగూకంగనే పోవుడు. ఎండల కూసోక ఎన్ని దినాలైందో బిడ్డా."

కిటికీ ముందున్న నా నీడ ఆయన మీద పడుతోంది. పక్కకు జరిగాను.